వంపు

నాలుగు సెకన్లు. రెండు కీఫ్రేములు.
మొదటిది పడవ ముక్కు మీద,
రెండోది కెప్టెన్ గడ్డం మీద.
"సూటిగా మా తాతయ్య దగ్గరికే వెళ్ళాలి" అంది రన్వా,
తడిసిన కోటు ఇంకా విప్పకుండానే.
క్లాక్స్‌విక్ రేవులో పొద్దుట్నించీ ఒకటే ముసురు.

సాఫ్ట్‌వేర్‌కి సూటిదనం తెలీదు.
నేనడక్కుండానే దారిని గుండ్రం చేసింది;
రెండు గుంజల మధ్య తడిబట్టల దండెంలా
గీత కిందికి జారింది.
ప్లే నొక్కితే
కెప్టెన్ని చేరేలోపు చూపు డెక్ మీదికి వాలి,
బంగాళాదుంపల బకెట్ పక్కన
ఒక పిల్లాడి మీదుగా పోయింది.
పదమూడేళ్ళుంటాయేమో.
అందరూ కెమెరా కేసి చూస్తుంటే
వాడు చేతిలో కత్తి కేసి చూస్తున్నాడు.

హ్యాండిల్ పట్టి లాగాను.
గీత బిగిసింది. పిల్లాడు ఫ్రేము బయట పడ్డాడు.

"ఆగు. ఇందాకటిది మళ్ళీ వెయ్యి."
వేశాను.
"ఎవరు వీడు?"
ఫోటో వెనక పదకొండు పేర్లు.
ముందు, లెక్కపెడితే, పన్నెండు తలలు.

జూమ్ చేశాను. ఇంకా. ఇంకొంచెం.
మొహం చుక్కలు చుక్కలుగా విడిపోయింది,
అంత దగ్గర మనిషి మిగల్లేదు.
కాస్త వెనక్కొస్తే
మళ్ళీ ముక్కు, మళ్ళీ చెవులు.

ఆ దూరంలోనే మూడో కీఫ్రేము గుచ్చాను.
అక్కడ వేగం తగ్గించాను,
గుమ్మంలో బూట్లు విప్పేవాడు ఆగినంత.

కెప్టెన్‌కి ఒక సెకను తగ్గింది.
రన్వా వేళ్ళ మీద లెక్కేసుకుంది.
ఏమీ అనలేదు.
కోటు విప్పి కుర్చీకి తగిలించింది.