చేతులు కట్టుకునే చదువు

అన్నం తినడం నేర్పడానిక్కూడా చదువా అని
సింగరాయకొండ స్టేషన్లో మా మేనత్త నవ్వింది.
నర్సు కాదంటే దిగులు,
డాక్టరు కాదంటే ఇంకా దిగులు.
ఆక్యుపేషనల్ థెరపీ అసిస్టెంటు అనే మాట
ఆమె నోట్లో చేపముల్లులా అడ్డం పడింది.

ఒంగోలు పెద్దాసుపత్రి, వెనక వరండా చివరి గది.
గోడకి కొట్టిన చెక్క మీద
నీళ్ళు రాని కుళాయి, దీపం వెలగని స్విచ్చి,
ఏ తలుపూ లేని గొళ్ళెం.
ఇంటికి పోవడం ఇక్కడ సాధన చేస్తారు.

మొదటి నెల నేర్చుకున్నది:
చొక్కా తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు,
విప్పేటప్పుడు అదే చివర.
ముసలమ్మని బస్సు ముందుగా ఎక్కించి
అందరూ దిగాక దించినట్టు.

నెలలు గడిచినా రానిది:
నా చేతులు నేను కట్టుకోవడం.
"చేసిపెట్టకు హెప్సిబా, చేసుకోనీ"
కృపావతి మేడం రోజుకి పదిసార్లంటుంది.

నాసరయ్య మార్కాపురంలో
ముప్ఫయ్యేళ్ళు పలకలకి చెక్కలు బిగించాడు.
ఎన్ని వేల అఆలకి నాలుగంచులూ కట్టాడో!
ఇప్పుడు ఒక్క గుండీ దగ్గర
ఆ కుడిచెయ్యి
బడి గుమ్మంలో పిల్లాడిలా మొండికేస్తుంది.

పరీక్షరోజు.
ఒళ్ళో కాగితాలతో ఎగ్జామినరు.
ఒక గుండీ. రెండు.
మూడో దాని దగ్గర వేళ్ళు జారాయి.
మళ్ళీ జారాయి.
ముక్కు మీద చెమట, పెదవి చివర తడి,
ఫ్యాను కిర్రుమంటోంది.
నా చేతులెప్పుడు ముందుకెళ్ళాయో నాకే తెలీదు.
గుండీ పట్టింది.
కాగితం మీద కలం గీసిన చప్పుడు.

నాసరయ్య ఆ కలాన్ని చూశాడు. నన్ను చూశాడు.
"నా మూలాన పొయ్యాయా పాపా, మార్కులు?"
మాటింకా ముద్దగానే వస్తుందాయనకి,
టీలో నానిన రొట్టెలాగా.
నేనేదో అనేలోపే
ఎడమచేత్తో ఊడదీశాడు,
నేను పెట్టిన గుండీని.
"ఉండు."

కుడి బొటనవేలు బయల్దేరింది.
ఎగ్జామినరు గడియారం చూసుకున్నాడు,
కాసేపటికి చూసుకోవడం మానేశాడు.
వరండాలో టీ, టీ అంటూ పోయిన కుర్రాడు
ఖాళీ ఫ్లాస్కుతో తిరిగొచ్చాడు.

నేను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని
వాటి మీదే కూర్చున్నాను.
తిమ్మిరెక్కాయి.
తియ్యలేదు.