ఎర్రపెట్టె, నీలిపెట్టె

రొయ్యకి రేటు పలికిన ఏడాది
పేరిచర్ల రామభద్రరాజు గారు
సింగపూరు నుంచి రెండు ప్లేయర్లు తెప్పించారు.
ఒకటి ఎర్రపెట్టె డిస్కులకి, ఒకటి నీలిపెట్టె డిస్కులకి.
ఇది మింగింది అది మింగదు.
"బొమ్మ దేంట్లో బాగుందో తేల్చరా మార్కండేయులూ" అన్నారు.
నేను నరసాపురంలో
టీవీల వీపులు విప్పి బతికేవాణ్ణి.

ఒకే సినిమా. ఒకే నెగెటివ్‌కి పుట్టిన కవలలు.
మంచుదేశంలో ఒక ముసలి జాలరి,
ఒంటిమీద ఊలు స్వెట్టరు, చేతిలో లాంతరు,
మాట తక్కువ.
దీంట్లో వెయ్యీ ఎనభై గీతలు, దాంట్లో వెయ్యీ ఎనభై.
లెక్కకి కవలలెప్పుడూ సమానమే,
తేడా తల్లిని అడగాలి.

నేను ఆకాశం చూశాను.
నీలిపెట్టెలో పొద్దుగూకుతుంటే
రంగు జారలేదు, మెట్లు దిగింది
రేవులోకి బిందె పట్టుకు దిగినట్టు.
ఎర్రపెట్టెలో
పాలల్లో పసుపు కలిసినట్టు కలిసిపోయింది.
వెంటనే చెప్పలేదు.
నీలిదానికే ఎక్కువ పోశారని బిల్లులో చూశాను.

అమ్మగారికి లేసు కట్టలు చూపించడానికొచ్చిన
కడలి సత్యవేణి
క్రోషా సూది జడలో గుచ్చుకుని
గుమ్మంలో నిలబడే చూసింది.
"ఆ స్వెట్టరు కాడ ఆపండి" అంది.
ఆపాను.
తెర దగ్గరకొచ్చి, వేలు ఆనించకుండా, లోపల్లోపల లెక్కపెట్టింది.
"రెండు కుట్లు ముందుకి, ఒకటి వెనక్కి.
అందాకటి దాంట్లో ఊలు మాత్రమే ఉందండి,
దీంట్లో కుట్టుంది."
డజను పువ్వులకి ఇంతని
పదేళ్ళప్పటి నుంచీ దారానికి తాకట్టు పెట్టిన కళ్ళు అవి.
నా మీటర్లు బ్యాగులోనే ఉండిపోయాయి.

డీజిలు తాళాల కోసం వచ్చాడు
రాత్రి చెరువు కాపలా, యాళ్ళ పోలయ్య.
నీలిపెట్టెలో సముద్రం మీద రాత్రి నడుస్తోంది.
"ఏటండీ, చీకట్లో చీమలు పాకుతున్నాయి?
చీకటంటే మసి కాదండి బాబూ.
కాసేపు నిలబడి చూస్తే గట్టు కనపడాలి,
నీటికుక్క మెదిలితే
నలుపులోంచి నలుపు కదలాలి."
ఎర్రపెట్టె వేశాను.
లాంతరు వెలుగు ఆగిపోయిన చోటుకి అవతల
ఇంకో పడవ ఉంది.
నేనా సినిమా అప్పటికి నాలుగుసార్లు చూశాను,
పడవని చూడ్డం అదే.
"ఆయ్, ఇదండీ చీకటంటే."

మేత లెక్కల పుస్తకం వెనక పేజీలో రాసిచ్చాను: ఎర్రది.

మూడు నెలలు తిరక్కుండానే
పేపర్లో ఒక మూల నాలుగు లైన్లు,
ఎర్రపెట్టెలు ఇక తయారు చెయ్యరట.
రాజు గారు నన్నేమీ అనలేదు.
"మచ్చల రోగమొచ్చే చెరువు కూడా
ముందురోజు దాకా బాగానే మేత తింటుందిరా" అన్నారు,
రిమోట్‌లో బ్యాటరీలు తీసి గోడ గడియారంలో వేసుకుంటూ.

డిస్కులు పదిహేడు. పోలయ్య అడిగి పట్టుకెళ్ళాడు.
మూడో నంబరు చెరువు మీద
నైలాను తాడుకి వరసగా కట్టాడు,
నీటికాకులు వాలకుండా.

మొన్న అటు వెళ్ళాను.
పక్క తాడుకి నీలిపెట్టెవీ వేలాడుతున్నాయి.
రాజు గారి మనవలకి ఇప్పుడన్నీ ఫోన్లోనే.
ఉప్పుగాలికి పైపూత ఊడి
ఏది ఏదో నాకూ తెలీలేదు.
సత్యవేణైతే చెప్పునేమో,
ఇప్పుడు ఆవిడకి సూదిలో దారమే ఎవరో ఎక్కించాలిట.

నేను చూస్తుండగానే
సరిగ్గా డిస్కుల కిందే మునిగి
రొయ్యతో పైకి లేచింది ఒక నీటికాకి.
పోలయ్య బెడ్డ తీశాడు. విసరలేదు.
"అలవాటైపోయిందండి దానికి."

ఏ డిస్కులో ఉన్నాడో ఆ జాలరి,
గాలికి గిర్రున తిరుగుతూ, లాంతరుతో.
వెనకాల
ఆ రెండో పడవ.