రెండు సీసాలు

పొద్దున్నే ఏడింటికి ఎలుకలకు ఇల్లు సర్దుతాను.
పేరేచర్ల రోడ్డులో మందుల కాలేజీ, వెనకవైపు గది,
ఏసీ ఉంది, కిటికీ లేదు.
పెద్ద పంజరంలో పదింటికి చక్రం, నిచ్చెన, గొట్టం ముక్క,
మా పాపది చక్రాలూడిన లారీ.
రోజూ ఏదో ఒకటి మార్చాలి,
నిన్నటి లారీ ఇవాళ వాటికి చప్పబడిపోతుంది.
చిన్న పంజరాల్లో ఒక్కోదాంట్లో ఒక్కటే.
ఊక, తిండి, నాలుగు గోడలు.

అన్నిటికీ రెండేసి సీసాలు.
ఒకదాంట్లో నీళ్ళు,
ఒకదాంట్లో మత్తు కలిపిన పంచదార నీళ్ళు.
ఎంత తాగాయో చూసి రాయాలి.
నాకు చదువు అంతగా రాదు, గీతలు వచ్చు.
ఒంటరివి రెండో సీసాని అడుగంటా నాకేస్తాయి.
పెద్దింటివి మూతి పెట్టి, తుమ్మి,
లారీ కిందకి దూరిపోతాయి.

పోయినేటి ఎలుకల మెదళ్ళు
పల్చగా కోసి, అద్దంలోంచి చూపించింది సౌభాగ్య మేడమ్.
పెద్దింటి దాంట్లో కొమ్మకు కొమ్మ,
రెండో కోతకొచ్చిన మిరప చెట్టులా.
ఒంటరిదాంట్లో పుల్లలు.
"మందు అదే బాబాయ్, మోతాదూ అదే. ఇల్లే వేరు."
అప్పుడు నాకు ఎలుక గుర్తు లేదు.

మా తమ్ముడు శిలార్.
మిర్చి యార్డులో ముఠా పని.
బస్తాల మీంచి జారితే నడుం పట్టేసింది.
నొప్పికి ఒక బిళ్ళ.
నొప్పి పోయింది, బిళ్ళ పోలేదు.
బెజవాడలో నలభై రోజులు ఉంచాం.
క్యారమ్స్ ఆడేవాడట, అందరికీ కూర వండేవాడట,
బుగ్గలొచ్చాయి.
తీసుకొచ్చి ఆటోలో నేనే దింపాను,
అదే రేకుల గది, అదే చాప,
తలుపు తీస్తే ఎదురుగా అదే మందుల షాపు.
వచ్చేటప్పుడు దగ్గరగా వేసొచ్చాను తలుపు.
గొళ్ళెం కాలింది చేతికి.

మూడోనాటికి మళ్ళీ మొదలు.
వాడి బుద్ధే అంత అన్నారు పేటలో.
నేనూ అన్నాను.

మొన్న మేడమ్ ఒంటరివాటిని కొన్నిటిని
పెద్దింట్లోకి మార్చమంది.
మెల్లగా రెండో సీసాలో గీత దిగడం తగ్గింది.
పన్నెండో నంబరు మాత్రం వారం దాకా మూల వదల్లేదు.
దాని కోసం రోజూ కాసేపు ఎక్కువ కూర్చున్నాను.
అదీ దేనికో, లెక్క అయ్యాక
అన్నిటికీ ఒకటే సూది.

శుక్రవారం సంతలో జత పావురాలు కొన్నాను.
చిన్నప్పుడు వాడికి పద్దెనిమిది ఉండేవి,
ఈలేస్తే పొన్నూరు రోడ్డు దాటి వెనక్కొచ్చేవి.
గూటికి ఒక పాత పెట్టె, రేకు మీద ఇటుకలు.
వాడు నావైపు చూడలేదు,
ఆడదాని రెక్క విప్పి ఈకలు లెక్కపెట్టాడు.

నిన్న రాత్రి మళ్ళీ మింగొచ్చాడు.
గోడ పట్టుకుని, తూలుతూ,
ముందు సజ్జలు చల్లి
తర్వాత పడుకున్నాడు.

నా పుస్తకంలో దీన్ని ఏ గీత దగ్గర రాయాలో తెలీదు.
ఇవాళ నిచ్చెన తీసుకెళ్ళాలి వాడింటికి,
గూడు కాస్త ఎత్తులో కట్టమన్నాడు.