సూదిల పాలు

ఎనుమాముల మార్కెట్ల
మిరపకాయ తొడిమలు తీసే చేతులు నావి.
పిల్లకు పాలియ్యాలంటే
రెండుసార్లు సబ్బు, ఒకసారి శనగపిండి,
ఆఖరికి మజ్జిగతోని కడుగుత.
అప్పటికీ నమ్మకం కుదరక
వేలు నా పెదవికి రాసుకొని చూస్త.
మండకపోతేనే ఎత్తుకుంట.

ఆ వేలికే దొరికింది ఒక రాత్రి
ఎడమ రొమ్ముల, చంక దిక్కు,
ఉసిరికాయంత.
ఒత్తితే జరుగుతది. నొయ్యది.
నొయ్యకపోవుడే నా బుగులు.

పాలగడ్డే అన్నది అత్త, వేడి గుడ్డ కాపింది.
పక్కింటి లచ్చవ్వ ఏమనలే.
మూడేండ్ల కింద ఆమె చెల్లెను
హైదరాబాద్ తీస్కపోయి
అంబులెన్సుల తెచ్చింది వాడకట్టంత చూసింది.
ఆమె ఏమనకపోవుడు
పదిరోజులు నా పక్కల పండుకున్నది.

ఎంజీఎంల స్కానింగు గది ముందట బెంచి.
నా నంబరు నలభై ఒకటి.
పిల్ల అత్త ఒళ్లె.

లోపల చీకటి, సల్లటి జెల్లు.
నస్రీన్ మేడం తెరమీద
నల్లటి గుండ్రాన్ని ఆపి, కొలిచి, మళ్ల కొలిచింది.
"పాలిస్తున్నవా?"
"ఇస్తున్న మేడం. ఏడో నెల."
అప్పుడే గోడ అవతల నా పిల్ల ఏడ్చింది.
అడగకముందే కుడి రొమ్ము కారుడు వెట్టింది.
జెల్లేదో పాలేదో తెలువకుంట తడిసిన.
నర్సు నవ్వింది. నాకు రాలే.

సూది దిగేటప్పుడు కండ్లు మూసుకున్న,
రక్తం సూడొద్దని.
"చూడమ్మా" అన్నది మేడం.
సిరంజిల తెల్లగ, చిక్కగ,
బర్రె ఈనినంక మూడోనాటి పాల లెక్క.
"పాలే. దారి మూసుకపోయి ఒక మూలకు నిలిచినయ్."
దానికేదో పేరు చెప్పింది, నోరు తిరగలే.
"తాపుడు ఆపకు. ఆరువారాలకు రా.
మళ్ల నిండితే మళ్ల తీద్దాం."
నాలుగు చుక్కలు సీసల వరీక్షకు పోయినయ్.
మిగిలింది దూదికి తుడిచి బుట్టలేసిన్రు.

ఇన్నొద్దులు సావనుకొని మోసింది
పిల్ల నోటికందని
బుక్కెడు పాలు.

బెంచి మీదనే కొంగు కప్పుకొని
ఎడమ దిక్కే ఇచ్చిన.
"నేను చెప్పలే?" అన్నది అత్త,
కండ్లు తుడుసుకుంట.

పొద్దుగూకినంక లచ్చవ్వ వచ్చింది.
పిల్ల పాదం పట్టుకొని కూసున్నది శానసేపు.
పోయేముందు, గోడ దిక్కు చూసుకుంట,
"మా చెల్లె సిగ్గుపడ్డది బిడ్డా" అన్నది.
"ఏడాది సిగ్గుపడ్డది."