వెనక రెండు గొట్టాలు

ముసురు పట్టిన మూడో రోజు
మిర్యాలగూడ సాగర్ రోడ్డు మీది మా షెడ్డుకు
బోనగిరి మాణిక్యం కాంటెస్సా వచ్చింది.
ముందు సీట్ల ఆయన భార్య కౌసల్య,
ఒళ్లె స్టీలు గిన్నె,
గిన్నెల సగం దాక వాన.

"ఇల్లు కారినా ఇంత బాధ లేదయ్యా" అన్నది,
"ఇల్లు మలుపులు తిరగదు గద."

మాణిక్యం రైస్ మిల్లు గుమస్తా.
మిల్లు మూతపడ్డనాడు
పద్నాలుగు నెలల జీతానికి బదులు
సేటు తాళంచెవులు చేతుల పెట్టిండు.
నెత్తిన అద్దం కిటికీ ఉన్న కారు
అప్పట్ల ఈ తాలూకాకు అదొక్కటేనట.
ఆ కిటికీల నిలబడే సేటు కొడుకు
పెళ్లికొడుకై ఊరందరికీ దండం పెట్టిండట.

సూర్యాపేటాయన సిలికాన్ పూసిండు.
కోదాడాయన తారు పూసిండు.
ఆఖరికి మాణిక్యమే ఓ ఫ్లెక్సీ కప్పి తాళ్లు కట్టిండు.
ఎన్నికల్ల ఓడిపోయిన మనిషొకాయన
నవ్వుకుంట చేతులు జోడించుకుంట
కారు మీద రెండేండ్లు తిరిగిండు.

ఖాదర్ ఉస్తాద్ చుట్టూ ఒకసారి తిరిగిండు.
ఏమనలేదు. తారంత గీకెయ్యమన్నడు నన్ను.
"రబ్బరు నీళ్లను ఆపుతదనుకుంటరు అందరు.
ఆపదు రా. కొంత రానే వస్తది.
లోపల తొట్టి ఉంటది, మూలలకు గొట్టాలుంటయ్.
వచ్చినదాన్ని మర్యాదగ సాగనంపాలె."

తొట్టి నిండ ఊక బూడిద,
ముప్పై ఏండ్ల మిల్లు పొగ నల్లటి ముద్దయి.
ఒక మూలకు రెండు వరి మొలకలు,
వేలెడు పొడుగు.
మాణిక్యం వంగి చూసి "హంసనే" అన్నడు,
గింజ కొరకకుండనే.

నేను తెలివి చూపిద్దామని
కంప్రెసర్ గాలి కొట్టిన.
లోపలెక్కడనో టప్పుమన్నది,
గొట్టం అతుకు ఊడింది.
ఉస్తాద్ చూసిన చూపు
ఇప్పటికీ నా వీపు మీదనే ఉన్నది.
"క్లచ్ వైరు తే. కొసకు గుడ్డ చుట్టు.
పాము పుట్టలకు పోయినట్టు పోవాలె రా,
పోలీసు ఇంట్లకు పోయినట్టు కాదు."

ఇగ లోపలి గుడ్డ కప్పు దించక తప్పలేదు.
దించితే,
రేకు కోసిన అంచు పక్కన
ఎర్ర పెన్సిలుతో ఉర్దూల ఒక పేరు, ఒక తేదీ.
నాకు ఉర్దూ రాదు.
రోజూ బిల్లు పుస్తకం మీద చూసే సంతకాన్ని
గుర్తుపట్టనీకి చదువెందుకు?

చేతిల బీడీ చాలసేపు వెలగలేదు.
తర్వాత రేకుతోని మాట్లాడినట్టు అన్నడు:
"నాలుగు పెట్టాలె. ముంగట రెండే పెట్టిన.
తెల్లారితే బరాత్.
వెనకవి తర్వాత చూద్దాం తియ్ అన్నడు సేటు.
నేను
సరే అన్న."

మాణిక్యం గొడుగు ముడుచుకుంట నిలబడ్డడు.
ఏం అడగలేదు.

వెనక మూలలకు ఉస్తాదే డ్రిల్లు పట్టిండు.
అంచులకు తుప్పు మందు రాసిండు.
గొట్టాలకు బత్తాయి తోటల సన్న డ్రిప్పు పైపు తెచ్చిన.
చెట్టుకు బొట్టు బొట్టు లెక్కవెట్టి పోసే పైపు,
ఇక్కడ వద్దన్న నీళ్లు మొయ్యాలె.

కప్పు అతికించే ముందు పెన్సిలు అడిగిండు.
పాత తేదీ కింద కొత్త తేదీ రాసిండు.
పేరు రాయలేదు.

చెంబుతోని నీళ్లు పోసినం.
ముంగట రెండు ధారలు వెంటనే.
వెనక చక్రం పక్కకు ఒకటి.
నాలుగోది రాలేదు.
ఉస్తాద్ నేల మీద ఒక చెంప ఆనించి చూసిండు.
ఇంకో చెంబు.
అప్పుడు వచ్చింది, సన్నగ, దగ్గుకుంట.
లేవనీకి ఆయన నా భుజం పట్టుకున్నడు.

"ఎంతైంది?" అన్నడు మాణిక్యం.
"తొంభై ఒకట్లనే తీసుకున్న" అన్నడు ఉస్తాద్.

వాళ్లు పోయేటప్పుడు వాన గట్టిగనే ఉన్నది.
కౌసల్య గిన్నె ఒళ్లె నుంచి తియ్యలేదు.
"వానను నమ్ముత గని మెకానిక్కులను నమ్మ" అన్నది.
రైలు గేటు కాడ పట్టాల మీద కారు ఎగిరింది.
గిన్నె మోగిందో లేదో
మాకు ఇనబడలేదు.