డీవియేషన్

పదకొండో ముక్కను కోయరాదు అని ఉంది
సూచనల కాగితంలో, ఎర్ర అక్షరాలతో.
కోశాను.

పగలంతా నా ఉద్యోగం అదే కదా.
సర్కిల్ ఆఫీసు, రెండో అంతస్తు, కూలర్ పక్క బల్ల.
ఎవరు ఏ గోడ జరిపారో
ఎవరి సజ్జ ఎవరి గాలిలోకి అడుగున్నర చొచ్చిందో
ఫైల్లో రాయడం.
ఆమోదించిన ప్లానుకు విరుద్ధం, అని
ఒకే వాక్యం, పద్దెనిమిదేళ్లుగా.

బేగంబజార్లో కొన్నానీ బొమ్మరిల్లు కిట్టు.
దేనికని అడగొద్దు.
డబ్బా మీద మంచు కురిసే ఊరి మేడ,
లోపల నూటనలభై చెక్కముక్కలు, జిగురు గొట్టం,
చలిమంట గూడు.
మే నెల, రామంతాపూర్, కరెంటు లేదు.
గూడు చూసి ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

పొగగొట్టం తీసేసి, ఆ చోట
దగ్గుమందు సీసా మూత బోర్లించి నల్లరంగు పూశాను:
నీళ్ల ట్యాంకు.
చలిమంట గూట్లో గ్యాస్ బండ, రంగు నా గోళ్లరంగే.
లోపలి మెట్లు ఊడదీసి బయటికి తెచ్చాను,
అద్దెకున్నవాళ్లు ఓనరు హాల్లోంచి నడవక్కర్లేకుండా.
వంటిల్లు ఆగ్నేయానికి జరపబోతే
స్నానాలగది అడ్డొచ్చింది. దాన్ని జరిపితే
మంచం తలుపుకు తగిలింది.
ఇళ్లు కట్టుకునేవాళ్ల మీద మొదటిసారి జాలేసింది.

పదకొండో ముక్క పోయాక కప్పు కుంగింది,
మొదట వెంట్రుకంత, తెల్లారేసరికి గోరంత.
హాలు నడుమ ఐస్‌ఫ్రూట్ పుల్ల నిలబెట్టాను.
అందంగా లేదు. ఆగింది.

వాచ్‌మన్ కూతురు రవళి
ఇస్త్రీ బట్టలివ్వడానికొచ్చి
వెనకగోడ లేని వైపు కూర్చుండిపోయింది.
ప్రతి గదిలోనూ వేలు పెట్టి చూసింది.
"మేడం, వాచ్‌మన్ రూము యాడుంది?"

ప్లాన్లో లేదమ్మా, అన్నాను.
అన్నాక, అది నా బల్ల దగ్గరి గొంతు.

మిగిలిన ముక్కలు ఏరాను.
మెట్ల కింద మూడువేళ్ల చోటుంది.
"ఆడ వద్దు మేడం. ఆడ మోటరు మోగుతది.
మా నాయినకు నిద్ర పట్టది."

ఏటవాలు కప్పు కింద గది ఖాళీగానే ఉంది,
డబ్బా మీద దాని పేరు అటక.
రెండు దిక్కులా కిటికీలు కావాలంది, గాలాడనీకి.
స్కేలు తన చేతిలో, బ్లేడు నా చేతిలో.
గీత వంకరొచ్చింది. వంకరగానే కోశాం.
అగ్గిపెట్టెల మంచాలు మూడు వేసి
నాలుగోది అడిగింది:
"కల్వకుర్తి నుంచి మా నానమ్మ గిట్ల వస్తే?"

సోమవారం పై ఫైలు.
సెల్లారులో అనుమతిలేని గది, మెట్ల కింద,
ఆరడుగులు, ఎనిమిదడుగులు.
ఉంటున్నవారు: నలుగురు, పెన్సిలుతో.
కిటికీలెన్ని అని అడిగే గడి
ఫారంలో ఎక్కడా లేదు.
మార్జిన్లో నేనే ఒకటి గీశాను,
స్కేలు పెట్టకుండా.