చెక్ ట్రే

ఆకివీడులో మేత కొట్టు మేడమీద
నెట్టు నిలకడగా వచ్చే గది అదొక్కటే.
రొయ్యల మేత బస్తాలు పక్కకి జరిపించి
సూరిబాబు గారు నాకో బల్ల ఖాళీ చేశారు.
"పరీక్షయ్యేదాకా ఫ్యాను నీదే అమ్మాయ్" అన్నారు.
గంటన్నర. కెమెరా తీసే ఉంచాలి.
చూపు తెర దాటితే
కాపీ కొట్టినట్టు రాసుకుంటుందట.
గోడమీది బల్లి అరిచినా
తలెత్తకూడదు.

అంతకుముందు ఆరునెలలు
ఏ భాష నేర్చుకోవాలన్నదే తెమల్లేదు.
భీమవరం కోచింగులో
జావా లేని జన్మ దండగన్నారు.
మా సీనియర్ రత్నమాల
పైథాన్ అయితే పొద్దున్న మొదలెట్టి
రాత్రికి నిమ్మళంగా అన్నం తినొచ్చంది.
ఇంకొకడెవడో, రెండూ పాతబడ్డాయి,
వచ్చే ఏటికి మిగిలేది వేరే ఉందన్నాడు.
నారుమళ్ల వేళ
విత్తనాల కొట్టు ముందు నిలబడ్డట్టుంది:
ప్రతి సంచీ మీదా
అదే పచ్చటి చేను, అదే నవ్వే రైతు.

నేను ఎంచుకోలేదు.
నా ల్యాప్‌టాప్ ఎంచుకుంది.
నాలుగు జీబీ, కీలు విరిగిన మూత,
వెనక ఆన్చడానికో ఇటుక.
పెద్ద ఎడిటర్లు తెరిస్తే
గుర్రపుడెక్క పట్టిన కాలవలా
కదలక మెదలక ఊరుకునేది.
దాన్లో తిరిగిందేదో
అదే నా పనిముట్టు.

దాంతోనే రాశాను సూరిబాబు గారి చెరువుల లెక్క.
ఏ చెరువుకి ఎన్ని కేజీల మేత,
ఏ రాత్రి ఏ ఏరేటరు ఆగింది,
చెక్ ట్రేలో మిగిలిందెంత.
మొదటి నెల నా ప్రోగ్రాం
పట్టుబడి అయిపోయి ఎండగట్టిన చెరువుకి
మేత పెంచమంది.
ఆయన తిట్టలేదు.
"ట్రే ఖాళీ అంటే రెండర్థాలమ్మాయ్.
తిని ఖాళీ అయినా అవ్వాలి,
అసలు వెయ్యక ఖాళీ అయినా అవ్వాలి.
నీ దానికి ఆ తేడా తెలీదు."
ఆ రాత్రి కూర్చుని
తెలిసేలా చేశాను.

పరీక్షలో చెరువు లేదు.
ఒక గొలుసు. దాన్ని వెనక్కి తిప్పాలి.
ప్రతి లంకే ముందున్నదాన్ని వదిలి
వెనకున్నదాని చెయ్యి పట్టుకోవాలి.
ఎవరికి కావాలో, ఎందుకు తిప్పాలో
ఎక్కడా రాయలేదు.
మధ్యలో ఒక చెయ్యి ముందే వదిలేశాను,
సగం గొలుసు కాలవలో పడ్డట్టు
మరి దొరకలేదు.
మళ్లీ మొదట్నుంచీ.
అరచేతి చెమట చున్నీకి తుడుచుకుంటే
చేతులు కనబడాలంది తెర.

తర్వాత ఒక మనిషి వచ్చాడు.
ఆయన భుజాల వెనక
ఎక్కడిదో నీలం సముద్రం, అల కదలదు.
"చెల్లు... బోయిన్... సుగుణ?"
"చెల్లుబోయినండి."
"ఈ టూలే ఎందుకు వాడారు?"
కోచింగులో నేర్పిన జవాబు నాలుక చివరే ఉంది.
కింద కొట్లో ఎవరో
బస్తా దబ్బున దించారు.
"నా సిస్టంలో తిరిగేది అదొక్కటే సార్."
ఆయన ఏదో టైపు చేసుకున్నాడు.
ఏం రాశాడో నాకు కనబడదు.

"గొలుసులో అసలేమీ లేకపోతే?
ఖాళీది ఇస్తే ఏం చేస్తుంది?"
"ఖాళీ అంటే రెండర్థాలు సార్" అని మొదలెట్టి
ట్రే దాకా వెళ్లిపోయాను,
ఎండిన చెరువు దాకా,
మేత వెయ్యడం మానేసిన మనిషి దాకా.
"అంటే, ఆ కేసు రాశారా?"
"ఆయ్."
ఆరునెలలు అద్దం ముందు దిద్దుకున్న ఎస్ సార్
ఆ ఒక్క అక్షరం కింద మునిగిపోయింది.
ఆయన నవ్వాడో,
నెట్టు ఒక క్షణం ఆగిందో.
"మెయిల్ చేస్తాం" అన్నాక
సముద్రం ఆరిపోయింది.

మెట్లు దిగుతుంటే సూరిబాబు గారు.
"ఏం అడిగారు?"
"గొలుసు తిప్పమన్నారండి."
"దేనికి?"
"చెప్పలేదండి."
"తిప్పావా?"
"ఆయ్."
"మరింకేం. మూడో చెరువులో
రాత్రి ఏరేటరు మళ్లీ ఆగింది,
నీ లెక్కలో పడిందో లేదో చూడు."

గల్లా పక్కన స్టూలు మీద
ల్యాప్‌టాప్ తెరిచాను.
మూత వెనక్కి వాలిపోయింది.
ఇటుక
మేడమీదే మర్చిపోయాను.